యాహూ సూచిక: ఒక విషయవృక్షపు జీవితము

1994వ సంవత్సరారంభమున, అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందు ఎలక్ట్రికల్ ఇంజనీరింగున డాక్టరేటు పట్టమునకై పరిశోధించుచుండిన జెర్రీ యాంగ్, డేవిడ్ ఫిలో అను నిరువురు యువకులు, తాము చూచి మెచ్చిన వెబ్‌సైట్ల చిరునామాలు చేజారిపోకుండుటకై యొక పట్టిక వ్రాసికొనసాగిరి. పట్టిక దీర్ఘమైనకొలది అందు వెదకుటయే ప్రయాసమాయెను. కావున దానిని శీర్షికలుగను, ఒక్కొక్క శీర్షికను ఉపశీర్షికలుగను విభజించి, చెట్టునకు కొమ్మలవలె అమర్చిరి. అకెబోనో, కొనిషికి అని సుమో మల్లుల పేళ్లు పెట్టుకొన్న వారి రెండు కంప్యూటర్లే ఆ సూచికకు పుట్టినిల్లు. యాహూ యన్న పేరు కొలది నెలలకే వచ్చినది.

టెలిఫోను తీగలపై బొమ్మలు నత్తనడక నడచుచుండిన ఆ దినములలో, ఈ సూచిక అక్షరములనే నమ్ముకొని, కళలు మొదలు సమాజము వఱకు 14 మూలశీర్షికలను ముఖపత్రమున నిలిపెను. లోపలి పుటలలో ప్రతి ఉపశీర్షిక ప్రక్కను, అందెన్ని వెబ్‌సైట్లున్నవో తెలుపు అంకె బ్రాకెట్లలో నుండెడిది. గుమ్మము దాటకమునుపే గదిలో సరకెంతయో తెలిసిపోవుచుండెను.

అయితే చెట్టుకొమ్మలకొక చిక్కు కలదు. త్యాగరాజ కీర్తనలపై వెబ్‌సైటొకటి వచ్చినదనుకొందము. దానిని సంగీతమున నుంచవలెనా, భక్తిమార్గముననా, దక్షిణ భారతముననా? వెదకువాడు ఏ త్రోవన వచ్చునో సూచికకర్తకెట్లు తెలియును? గ్రంథాలయములలో ఈ చిక్కునే యెదుర్కొన్న మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్, 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణమున, విషయమును ముఖములుగ విడదీసి మరల కూర్చు పద్ధతి నవలంబించెను. యాహూవారి యుపాయము అంతకన్న సులభము: శీర్షిక చివర @ చిహ్నమున్నచో, దాని స్వస్థానము వేఱొక కొమ్మ మీద నున్నదనియు, నొక్కినవారిని అచటికే చేర్చుననియు అర్థము. ఇంత చిన్న గుర్తులో ఇంత యాలోచన యిమిడియుండుట నాకెప్పటికిని ఆశ్చర్యకరమే.

ఈ వృక్షమును పెంచినవారు మనుష్యులు. 1995లో అయిదవ ఉద్యోగినిగా చేరిన శ్రీనిజా శ్రీనివాసన్ నాయకత్వమున, సంపాదకులు వెబ్‌సైట్లను తెఱచి, చదివి, తగిన కొమ్మలకు చేర్చుచుండిరి. మిక్కిలి మేలైన వాని ప్రక్కను నల్లకళ్లద్దాల బొమ్మ నుంచుచుండిరి.

కాని చదువువారు కొలదిమంది, వెబ్‌సైట్లో లక్షలు. 1998లో అదే స్టాన్‌ఫర్డున పుట్టిన పరిశోధననుండి వెలువడిన గూగుల్, ఒక పుటకు ఇతర పుటలిచ్చిన లంకెలను లెక్కించి, లంకెనిచ్చిన పుటల గౌరవమును బట్టి విలువకట్టి, మనుష్యుడు చదువకయే వరుస నిర్ణయింపగలిగెను. 2002లో యాహూయే తన యన్వేషణ ఫలితములలో సూచికను వెనుకకు నెట్టెను; 2014 డిసెంబరున అది మూతపడెను. వేగమున గూగుల్ గెలిచినమాట నిజమే. అయినను, ఖగోళశాస్త్రము వెదకబోయి, ప్రక్కకొమ్మన భూగర్భశాస్త్రమును చూచి అటు మరలెడి భాగ్యము మనకు తగ్గిపోయినదని నేను మనసార చింతింతును.

1998లోనే పుట్టిన డీమోజ్ అను మఱియొక సూచికను, జీతము గోరని సంపాదకులు 90 భాషలలో 38 లక్షల వెబ్‌సైట్ల వఱకు పెంచిరి. 2017 మార్చిలో అదియు ఆగిపోగా, వారిలో కొందఱు ఆ వర్గీకరణమును కాపాడుకొని, కర్లీ యను పేర, ఒక్కొక్క వెబ్‌సైటును తెఱచి చదువుచు, తగిన కొమ్మకు చేర్చు పనిని కొనసాగించిరి.