నట్టు బిగుతే... పట్టు ఏదీ?

బండి నడపటం అందరికీ సరదాయే. దాన్ని విప్పి చూడటమే కొందరికి బద్ధకం. ఆ కొందరిలో నేనూ ఒకణ్ణని అనంతగిరి గుట్టల్లో తెలిసివచ్చింది. మెకానికల్ ఇంజనీరింగు చదివేవాడినై ఉండి ఈ మాట ఒప్పుకోవటం సిగ్గుగానే ఉంది. మా గురువులు క్షమింతురు గాక!

కిందటేడు సెలవుల్లో మా హాస్టలు మిత్రుడు సెకండ్‌హ్యాండులో కొన్న డర్ట్ బైకు మీద వాడూ, మా అన్నయ్య పాత బండి మీద నేనూ వికారాబాదు వైపు బయలుదేరాం. మట్టిదారిలో పట్టు దొరకటానికి టైర్లలో గాలి తగ్గించాం. ఎర్రమట్టి ఎత్తు ఎక్కుతూ వాడు గట్టిగా రైజ్ చేశాడు. చక్రం తిరిగింది, దాని మీది టైరు మాత్రం తిరగలేదు. లోపల ట్యూబు వాల్వు మొదలంటా తెగి, గాలంతా ఒక్కసారిగా పోయింది. బండి వెనుక భాగం పక్కకు కొట్టుకుని వాడు గోతిలో పడ్డాడు. కుడి మణికట్టు బెణికి, తరువాతి వారం ఇంటర్నల్ పరీక్ష రాయలేకపోయాడు.

ఇందులో నా పాపం ఏమిటంటే – ఆ ఉదయం వెనుక చక్రానికున్న రిమ్ లాక్ నట్టును పానాతో బిగించి చూసి, "రాయిలా ఉందిరా, పద" అన్నది నేనే.

ఇంతకీ రిమ్ లాక్ అంటే?

పేరులో తాళం ఉంది గాని తాళంచెవి లేదు. ఇది అల్యూమినియంతోనో, గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన వంపుగల చిన్న దిమ్మె. దాని ఒంటికి రబ్బరు తొడుగు గాని, పళ్లవంటి గరుకు అంచులు గాని ఉంటాయి. మధ్యనుంచి సాధారణంగా 8 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి బయలుదేరి రిమ్ములోని కన్నం గుండా బయటికి వస్తుంది. బయట నట్టు బిగిస్తే లోపలి దిమ్మె టైరు అంచులను రెండు వైపులా రిమ్ముకు అదిమి పట్టుకుంటుంది. తీగ పోసి గట్టిపరచిన ఈ టైరు అంచునే బీడ్ అంటారు.

దీని అవసరం అర్థం కావాలంటే ఎడ్లబండి దగ్గరికి వెళ్దాం. చెక్క చక్రానికి ఇనుపపట్టా వేసేటప్పుడు కమ్మరి ఆ పట్టాను కొంచెం బిగువుగా చేసి, మంటలో కాల్చి, చక్రానికి తొడిగి వెంటనే నీళ్లు పోస్తాడు. చల్లారేకొద్దీ పట్టా కుంచించుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ఎండలకు కర్ర ఎండి పట్టా వదులైతే రైతు చక్రాన్ని నీళ్లలో నానబెట్టేవాడని మా తాతగారు చెప్పేవారు. అంటే ఎక్కడైనా పట్టుకు ఒక ఆధారం కావాలి. అక్కడ ఇనుము బిగువు; మన టైరుకు గాలి బిగువు.

1888లో డన్‌లప్ తెచ్చిన గాలిటైరుకు నేడు ఇదే కథ. గాలి లోపలినుంచి నెట్టుతూ టైరు అంచును రిమ్ముకు అదుముతుంది. తారురోడ్డు మీద సుమారు 30 పౌన్ల గాలి ఉంటుంది గనుక ఆ అదుము చాలు. మట్టిలో, ఇసుకలో, రాళ్లలో అంత గాలి ఉంటే టైరు బంతిలా ఎగురుతుంది, నేలను పట్టదు. అందుకని 12 నుంచి 15 పౌన్లకు దించుతారు. గాలి సగమైతే రిమ్ము మీది అదుమూ దాదాపు సగమవుతుంది. మరి ఇంజను బలం తగ్గిందా? లేదు. మొదటి గేరులో అది చైను దాటి వెనుక చక్రం చేరేసరికి ఎన్నో రెట్లయి ఉంటుంది. నేలను కరచుకున్న టైరు ఒకవైపు, తిరగాలనే రిమ్ము ఒకవైపు – ఈ ఇద్దరి మధ్య నలిగేది పాపం ట్యూబు వాల్వు. బ్రేకు గట్టిగా వేస్తే ముందు చక్రానికీ ఇదే గతి పట్టవచ్చు.

గాలి వదులుకున్న పట్టును బోల్టుతో తిరిగి తెచ్చుకోవటమే రిమ్ లాక్ చేసే పని. ఇది కొత్త ఊహ కాదు. గత శతాబ్దపు తొలినాళ్ల మోటారు చక్రాలకు కూడా ఇటువంటిది ఉండేది. దాన్ని సెక్యూరిటీ బోల్ట్ అనేవారు.

అరిగిందని తెలిసేదెట్లా?

నేను మోసపోయింది ఇక్కడే. నట్టు బిగుతుగానే ఉంది. పట్టు మాత్రం లేదు. పంక్చరు షాపులో టైరు ఊడదీసినప్పుడు చూస్తే దిమ్మె మీది రబ్బరు పొరలుగా లేచిపోయింది. అంచుల గరుకుతనం అరిగి, నున్నటి గులకరాయిలా ఉంది. "పానాతో చూసేది కాదు బాబూ ఇది, విప్పి చూసేది" అన్నాడు షాపాయన. నాలుగేళ్ల చదువు ఆ ఒక్క ముక్క ముందు చిన్నబోయింది.

అయినా ప్రతిసారీ టైరు విప్పలేం గదా! అందుకు తేలిక మార్గాలు రెండున్నాయి. ఒకటి: టైరు పక్కనా రిమ్ము మీదా కలిసేట్లు సుద్దతోనో, రంగుతోనో ఒక గీత గీయండి. నాలుగు ఎత్తులు ఎక్కి దిగాక ఆ గీత రెండు ముక్కలుగా విడిపోతే టైరు జరుగుతున్నదన్నమాట. రెండు: వాల్వును చూడండి. అది నిటారుగా కాక ఓ పక్కకు వాలి ఉంటే లోపల ట్యూబు లాగబడుతున్నది. వాల్వు మీది నట్టును రిమ్ముకు బిగించకుండా పైకి, మూత దగ్గరికి తిప్పి ఉంచితేనే ఈ వాలు కనబడుతుంది. చాలామంది దాన్ని రిమ్ముకు గట్టిగా బిగించి, వచ్చే హెచ్చరికను తామే దాచేస్తారు.

ఇక టైరు మార్చేటప్పుడల్లా ఈ దిమ్మెను చూడటం మరువరాదు. రబ్బరు లేచినా, అంచు పగిలినా, బోల్టు వంగినా, మరలు తుప్పుపట్టి పోయినా మార్చవలసిందే. పగిలిన అంచు ట్యూబును కోస్తుంది కూడా.

మార్చే విధానం

కొనేముందు రిమ్ము మీది అంకెలు చదవండి. 1.60 × 21 అని ఉంటే రిమ్ము వెడల్పు 1.60 అంగుళాలు, వ్యాసం 21 అంగుళాలు. ఇది సాధారణంగా ముందు చక్రం. వెనుక చక్రాలకు 1.85, 2.15 వంటి వెడల్పులుంటాయి. అదే అంకెగల రిమ్ లాక్ కొనాలి. ఒకదానికి బదులు ఇంకొకటి పెడితే టైరు అంచు మీద సరిగా కూర్చోదు.

కావలసిన సరంజామా: రెండు మూడు టైరు లివర్లు, నట్టుకు సరిపోయే పానా, వాల్వు పిన్ను తీసే పరికరం, సబ్బునీళ్లు, ఆకురాయి, గాలిపంపు, గాలి కొలిచే గేజి.

చక్రం ఊడదీసి పాత టైరు మీద పడుకోబెట్టండి. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలండి. రిమ్ లాక్ నట్టును బోల్టు చివరిదాకా వదులు చేయండి గాని, పూర్తిగా తీయవద్దు. నాలుగు మరలు పట్టి ఉంచి బోల్టును లోపలికి నెట్టండి. ఇది మరచి లివర్లతో కుస్తీ పట్టేవాళ్లను చూశాను. లోపల దిమ్మె పట్టుకుని ఉంటే టైరు రాదు, రిమ్మే వంగుతుంది. నట్టు తుప్పుపట్టి కదలకపోతే నూనె వేసి కాసేపు ఆగండి. అప్పటికీ రాకపోతే రంపపు బ్లేడుతో కోసేయండి. ఎలాగూ పారవేసేదే గదా!

టైరు అంచులను రెండు వైపులా తొక్కి రిమ్ము నుంచి విడదీయండి. లాక్ ఉన్న పక్కనుంచి లివర్లు మొదలుపెట్టి, ఎదుటి పక్క అంచును మోకాలితో రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కి ఉంచండి. ఒక పక్క అంచు బయటికి రాగానే ట్యూబు లాగి, నట్టు తీసేసి, పాత లాక్ తీయండి. కన్నం అంచు పదునుగా ఉంటే ఆకురాయితో నున్నగా చేయండి. స్పోకుల తలలను కప్పే రిమ్ము పట్టీ చిరిగితే మార్చండి.

కొత్త లాక్ పెట్టి, నట్టును నాలుగు మరలు మాత్రమే ఎక్కించండి. ట్యూబులో ఆకారం వచ్చేంత గాలి పట్టి లోపల సర్దండి. ఇప్పుడు అసలు కిటుకు: బోల్టును లోపలికి నెట్టితే దిమ్మె పైకి లేస్తుంది. టైరు అంచు ఆ దిమ్మెకూ రిమ్ముకూ మధ్యకు పోవాలి. దిమ్మె మీదకు ఎక్కరాదు. ట్యూబు కూడా దిమ్మె కింద చిక్కరాదు. కొత్తవారు లాక్ దగ్గరే మొదలుపెట్టటం మేలు. ఎక్కించిన అంచును పల్లంలో నొక్కిపెడుతూ, సబ్బునీళ్లు రాస్తూ, కొంచెం కొంచెంగా చుట్టూ రండి. బలం ఎక్కువ కావలసివస్తే ఎక్కడో పొరపాటు ఉన్నట్లే. ఆగి చూసుకోండి.

పిన్ను బిగించి, సుమారు 30 పౌన్ల దాకా గాలి పట్టి, టైరు అంచు చుట్టూ సమంగా కూర్చున్నదని చూడండి. టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితిని మాత్రం దాటవద్దు. తరువాత గాలిని కావలసినంతకు దించి, అప్పుడే రిమ్ లాక్ నట్టు బిగించాలి. ముందే బిగిస్తే టైరు వంకరగా కూర్చుంటుంది. బిగింపు సాధారణంగా 12 న్యూటన్ మీటర్ల ప్రాంతం. మీ బండి పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. పైపు తొడిగి బలం చూపిస్తే 8 మిల్లీమీటర్ల మరలు ఊడివస్తాయి. మొదటి ప్రయాణం తరువాత మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి.

ఒక మాట. ఎప్పుడూ తారురోడ్డు మీద, నిండు గాలితో తిరిగేవారికి దీని అవసరం లేదు. చక్రంలో ఒక పక్క బరువు పెరిగి, వేగంలో బండి అదురుతుంది కూడా. ఆ అదురు పోవటానికి ఎదుటి పక్క స్పోకులకు బరువులు కడతారు.

మిత్రుని చేయి బాగయింది. హాస్టలు వెనుక వరండాలో వాడు ఎడమచేత్తో సబ్బునీళ్లు పోస్తుంటే నేను కొత్త లాక్ వేశాను. రెండు గంటలు పట్టింది, వేళ్ల తోలు లేచింది. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు బయలుదేరేముందు పానా తీసుకుని గొప్పగా బిగించను. కూర్చుని సుద్దగీత చూస్తాను. అది కలిసి ఉంటేనే "పద" అంటాను.