మూగబోయిన బటన్ల ఫోను



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, గౌలిగూడలో కుమార్తె యింట ఉంటున్న ఒక పెద్దమ్మగారు మా యొద్దకు వచ్చి తన బటన్ల ఫోను చేతిలో పెట్టారు. "అయ్యగారూ, ఇందులో సంఘం కబుర్లు రావడం లేదు. నన్ను గ్రూపులోంచి తీసేశారా?" అని అడిగారు. ఏండ్ల తరబడి తనతో కలిసి ప్రార్థించిన స్నేహితురాలు మరణించిన వార్త, భూస్థాపన జరిగిన మూడవ దినమున గాని ఆమెకు తెలియలేదు. వాట్సాప్‌లో పెట్టాము గదా అని మేము ఊరకున్నాము. తప్పు మాదే.

మరునాడు ఆ ఫోనును అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో చూపించాము. "ఫోను బాగానే ఉంది సార్, ఇందులో వాట్సాప్ ఇక పనిచేయదు" అన్నాడు మరమ్మతు చేసే కుర్రవాడు.

సంగతి ఏమనగా, నోకియా ఎస్40 రకము బటన్ల ఫోన్లకు వాట్సాప్ 2018 డిసెంబరు 31తో ఆగినది. అదే సంవత్సరము సెప్టెంబరులో జియో ఫోనుకు వచ్చినది. 1,500 రూపాయల డిపాజిట్‌తో దొరికిన ఆ ఫోను అనేక పేద కుటుంబములకు చేరినది. అది కైఓఎస్ అను వ్యవస్థపై నడుచును. అట్టి ఫోన్లలో 2024 జూన్ నుండి వాట్సాప్‌ను క్రొత్తగా ఎక్కించుకొనుట ఆగినది. 2025 ఆరంభములో, ఉన్నవారికి కూడా ఆగినది. కంపెనీ ఆదరణ మానినప్పుడు ఫోను చెడకపోయినను వాట్సాప్ పలుకదు. కనుక పాత ఫోను కొనువారు "వాట్సాప్ ఉంది" అన్న మాట మాత్రమే నమ్మక, అక్కడనే ఒక సందేశము పంపి చూచుకొనవలెను.

అయితే మామూలు ఎస్సెమ్మెస్‌కు వాట్సాప్ గాని ఇంటర్నెట్ గాని అక్కరలేదు. ఒక్కొక్క దానిలో ఇంగ్లీషు అక్షరములు 160 పట్టును. తెలుగులో 70 మాత్రమే. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా లెక్కకు వచ్చును. "ప్రార్థన" అను ఒక్క మాటకే ఎనిమిది పోవును! కొన్ని పాత ఫోన్లలో తెలుగు అక్షరములకు బదులు గళ్లు కనబడును. కనుక స్థలము, దినము, సమయము మాత్రమే క్లుప్తముగా వ్రాయండి. చదువురాని వారికి ఫోను చేసి చెప్పుటయే మేలు.

ఇప్పుడు మా సంఘములో బటన్ల ఫోన్లున్న వారి పేర్లు ఒక నోటు పుస్తకములో వ్రాసుకొన్నాము. ఒక్కొక్క యౌవనస్థునికి ఐదుగురు పెద్దలను అప్పగించాము. కబురు గ్రూపులో పెట్టిన వెంటనే ఆ ఐదుగురికి ఫోను చేయవలెను. పెద్దమ్మగారికి మొదటి పిలుపు మేమే చేశాము. "నన్ను తీసెయ్యలేదన్నమాట" అన్నారామె.

మీ యింటిలో, మీ సంఘములో ఇట్టివారు ఎవరున్నారు? ఈ దినమే ఒకసారి పిలువండి.