చల్లారితే దొరకని జబ్బు

కొల్లాపూర్ మామిడికి పేరున్న ఊరు. కాయ కోతకొచ్చే నెలల్లోనే ఇక్కడి పాత పెట్రోలు కార్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకున్న అంబాసిడర్, పెబ్బేరు దారిలో కాసేపు బాగానే నడిచి, టీ కోసం ఆపిన చోట మొండికేస్తుంది. అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదులుతుంది. పాత కారును ఇంటి దగ్గరే విప్పి బాగుచేసుకునేవాళ్లను ఇంతగా విసిగించే లోపం మరొకటి లేదు. ఇంటి నీడలో ఎంతసేపు వెతికినా అది కనబడదు. ఈ లోపం మీద పెట్టే ఖర్చులో చాలాభాగం ఏ తప్పూ చేయని సామాన్ల మీదికే పోతుందని నా అభిప్రాయం. అందుకు మెకానిక్కుల పనితనాన్ని తప్పుపట్టలేం. ఈ జబ్బు తనంతట తాను తగ్గడానికి పట్టే సమయమూ, కాయిల్ తెప్పించి మార్చడానికి పట్టే సమయమూ ఇంచుమించు ఒకటే. కాయిల్ బిగించేలోపు ఇంజిన్ చల్లారుతుంది, బండి స్టార్ట్ అవుతుంది, పేరు కాయిల్‌కు వస్తుంది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అదే దారిలో ఆగితే ఈసారి కండెన్సర్ వంతు. బండి నడిచిందన్న ఒక్క సాక్ష్యాన్ని పట్టుకుని కారణం తేల్చుకోవడంలోనే పొరపాటంతా ఉంది.

కారణం తేలాలంటే ముందు ఈ ఇంజిన్ పుట్టుక తెలియాలి. అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌కు బి-సిరీస్ అని పేరు. ఇంగ్లండులో ఆస్టిన్ కంపెనీ 1947లో తన ఏ40 కారు కోసం 1200 సీసీలో దీని పూర్వరూపాన్ని తెచ్చింది. 1952లో ఆస్టిన్, మోరిస్ వర్గాలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాక, బోరు పెంచుకుని 1489 సీసీగా మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోకీ, ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోకీ చేరింది. బిర్లాలు 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో పెట్టి, 1948లో బెంగాల్‌లోని ఉత్తరపారాకు తరలించిన హిందుస్థాన్ మోటార్స్, మూడో తరం మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌నే 1957లో అంబాసిడర్ పేరుతో తెచ్చింది. మొదట్లో దానికి పాతకాలపు సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. 1959లో 55 గుర్రపు శక్తి బి-సిరీస్ వచ్చింది. మారుతి వచ్చినా, 1990లలో జపాన్ ఇసుజు ఇంజిన్ వచ్చినా, పాత కార్లలో ఆ బి-సిరీస్ ఇంజిన్ బతికే ఉంది. కారు తయారీ 2014 మేలో ఆగింది.

ఈ ఇంజిన్ సిలిండర్ హెడ్ నిర్మాణంలో ఒక విశేషం ఉంది. గాలీ పెట్రోలూ లోపలికి వెళ్లే దారులు, పొగ బయటికొచ్చే దారులు హెడ్‌కు ఒకే పక్కన ఉంటాయి. కాలిన పొగతో కాగిపోయే ఎగ్జాస్ట్ గొట్టానికి సరిగ్గా పైన కార్బరేటర్ కూర్చుంటుంది. ఇంగ్లండు చలికి ఇది తెలివైన ఏర్పాటే. చల్లటి గాలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాక గొట్టం గోడలకు తడిగా అంటుకుంటుంది. కింది నుంచి తగిలే వేడి దాన్ని ఆవిరి చేసి సిలిండర్లకు పంపుతుంది. నీడలోనే నలభై డిగ్రీలు దాటే మన మే నెలలో ఆ ఏర్పాటే ఎదురు తిరుగుతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, రకరకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులో తేలికైనవి నలభై డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. పైగా అంబాసిడర్‌లో పెట్రోలు పంపు, అంటే మెకానిక్కులు ఏసీ పంపు అని పిలిచేది, ఇంజిన్ బ్లాకుకే బిగించి ఉంటుంది. వెనక ట్యాంకు నుంచి ముందుదాకా పెట్రోలును అది పీల్చుకోవాలి. పీల్చే గొట్టంలో ఒత్తిడి తక్కువ కాబట్టి మరుగుస్థానం ఇంకా కిందికి దిగుతుంది. గొట్టంలో ఆవిరి బుడగ కట్టిందంటే పంపు డయాఫ్రమ్ ఆ బుడగనే నొక్కుతూ వదులుతూ ఉంటుంది, పెట్రోలు మాత్రం కదలదు. బండి నడుస్తున్నంతసేపూ ఫ్యాను గాలి, రేడియేటర్ నీళ్లు వేడిని ఎంతోకొంత లాగేస్తాయి. ఆపిన మరుక్షణం అవి రెండూ ఆగుతాయి, ఇనప బ్లాకులోని వేడి మాత్రం బానెట్ కింద పైకెక్కుతూనే ఉంటుంది. టీ తాగి వచ్చాక మొండికేయడం అందుకే.

ఇక్కడిదాకా చదివినవారు జబ్బు పెట్రోలుదే అని తేల్చేసుకోవచ్చు. అంత తొందర వద్దు. సరిగ్గా ఇవే లక్షణాలు కరెంటు వైపు నుంచి కూడా వస్తాయి. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలడంలోంచి బ్యాటరీ పన్నెండు వోల్టులు వేల వోల్టులై ప్లగ్గు దగ్గర నిప్పురవ్వగా దూకుతాయి. పాయింట్ల పక్కనే చిటికెన వేలంత ఉండే కండెన్సర్, విడిపోతున్న పాయింట్ల మధ్య కరెంటు దూకకుండా ఆపుతుంది. అది ఆపితేనే కూలడం చురుగ్గా జరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఈ తతంగం సెకనుకు వంద సార్లు జరగాలి. కాయిల్ లోపలి తీగ పూత గానీ, కండెన్సర్ లోపలి పొరలు గానీ పాతబడితే చల్లగా ఉన్నప్పుడు నిలబడి, వేడికి లీకవుతాయి. రవ్వ నీలంగా టప్పున పేలే బదులు పసుపుగా, సన్నగా, నీరసంగా పడుతుంది. బండి ఆగుతుంది. చల్లారితే తీగ పూత మళ్లీ కూడుకుంటుంది, బండి కదులుతుంది. లక్షణాలను బట్టి ఈ రెండు జబ్బులనూ విడదీయడం ఎవరివల్లా కాదు.

విడదీసేది సమయమే. మలేరియా పరీక్షకు జ్వరం మీదున్నప్పుడే నెత్తురు తీయమనేవారు, ఇక్కడా అంతే. బండి ఆగిన రెండు మూడు నిమిషాల్లోనే చూడాలి. మొదట చూడాల్సింది రవ్వను, ఎందుకంటే అది అన్నిటికన్నా త్వరగా తేలుతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత నడిమధ్యకు కాయిల్ నుంచి వచ్చే లావు వైరును ఊడదీసి, దాని కొసకు ఒక మంచి పాత ప్లగ్గు తొడిగి, ప్లగ్గు ఒంటిని ఇంజిన్ ఇనుముకు ఆనించి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు చూడాలి. కార్బరేటర్‌కు దూరంగా, పెట్రోలు చెమ్మ లేని చోట పెట్టాలి, ప్లగ్గును చేత్తో పట్టుకోకూడదు. రవ్వ నీలంగా గట్టిగా పడుతుంటే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ ముగ్గురూ నిర్దోషులే. అప్పుడు ఎయిర్ క్లీనర్ తీసి, యాక్సిలరేటర్ తీగను చేత్తో లాగుతూ కార్బరేటర్ గొంతులోకి చూడాలి. లోపలి చిన్న నాళంలోంచి పెట్రోలు చిమ్మిందంటే సరఫరా ఉన్నట్టు, చిమ్మకుండా పొడిగా ఉంటే ఆవిరి అడ్డుపడ్డట్టు. మూడో అవకాశం కూడా ఉంది. గొంతులో పెట్రోలు కారుతూ, ఘాటుగా వాసన కొట్టి, ప్లగ్గులు తడిసి నల్లబడి ఉంటే, కార్బరేటర్ గిన్నెలోని పెట్రోలే మరిగి పొంగి సిలిండర్లను ముంచేసింది. ఆవిరి అడ్డుపడినప్పుడు పెట్రోలు తక్కువైంది, ఇక్కడ ఎక్కువైంది. యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే ఇది తీరుతుంది. ఆ పని ఆవిరి జబ్బుకు ఎందుకూ పనికిరాదు.

దారి పొడవునా డ్రైవర్లు పాటించే తడిగుడ్డ చిట్కాను ఈ లెక్కలోనే చూడాలి. ఏసీ పంపు మీద తడిగుడ్డ వేస్తే బండి కదులుతుంది, నిజమే. అది చదువుకున్నవాళ్లు నవ్వాల్సిన చిట్కా కాదు, నీరు ఆవిరవుతూ పంపు వేడిని లాగేస్తుంది. చిక్కంతా దాన్ని రుజువుగా వాడుకోవడంలో ఉంది. గుడ్డ తడిపి తెచ్చి, వేసి, కాసేపు ఆగి స్టార్ట్ చేసేలోపు కాయిల్ కూడా చల్లారుతుంది. గుడ్డ వేయకపోతే ఏమయ్యేదో మనకు తెలియదు. రవ్వ చూసి, గొంతు చూసి, ఆ తర్వాత గుడ్డ వేస్తేనే గుడ్డ చెప్పే మాటకు విలువ.

ఈ పరీక్షల పద్ధతికి మొదట వచ్చే అభ్యంతరం అనుభవానిది. ముప్పై ఏళ్లు అంబాసిడర్లు విప్పిన మేస్త్రీకి ఇన్ని పరీక్షలెందుకు, సైలెన్సర్ చప్పుడు వింటే చెప్పేస్తాడు కదా అని. చప్పుడు చాలా చెబుతుందన్నది కాదనలేం. మిస్ కొట్టే సిలిండర్ ఒకటా రెండా, అవి పక్కపక్కవా కాదా అన్నది మంచి చెవికి నిజంగానే పట్టుబడుతుంది. ఆ తేడా చిన్నదేమీ కాదు. బి-సిరీస్‌లో రెండు, మూడు సిలిండర్ల పొగ నడుమనున్న ఒకే దారిలోంచి పోతుంది, అందుకే ఆ రెంటి మధ్య హెడ్ గాస్కెట్ ఎక్కువ వేడిని తింటుంది. ఆ రెండే కలిసి మిస్ కొడుతుంటే, కంప్రెషన్ గేజ్‌లో ఆ రెంటికే తక్కువ చూపిస్తే, అక్కడ గాస్కెట్ కాలిందని దాదాపు ఖాయం. కానీ ఆగిపోయిన ఇంజిన్‌కు చప్పుడే లేదు, వినడానికేముంది? అనుభవం ఎక్కువగా సహాయపడేది నడుస్తున్న ఇంజిన్ విషయంలోనే.

రెండో అభ్యంతరం ఖర్చుది. పాయింట్లు, కండెన్సర్, కాయిల్, పంపు కిట్టు అన్నీ కలిపినా పెద్ద ఖర్చేం కాదు. సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి ఒకేసారి తెప్పించి అన్నీ మార్చేస్తే పోలేదా అంటారు. ఒక్క బండికి ఒక్కసారైతే సరే. కానీ కొత్తవన్నీ మంచివే అన్న నమ్మకం దాని వెనక ఉంది. ఏ ఊరి సరుకో తెలియని కొత్త కండెన్సర్, అరవై ఏళ్ల కిందటి అసలుదానికన్నా ముందే పోవచ్చు. నాలుగు సామాన్లు ఒకేసారి మారిస్తే పాత జబ్బు పోయి కొత్త జబ్బు వచ్చినా తెలియదు, రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఇంటి మరమ్మతులో అసలు తప్పు చాలాసార్లు మార్చిన సామానులో ఉండదు. రంగు వేయడానికి అన్నీ విప్పి మళ్లీ బిగించేటప్పుడు వదిలేసిన దాంట్లో ఉంటుంది. కార్బరేటర్ కింద వేడిని ఆపే మందపాటి బేకలైట్ దిమ్మ, ఎగ్జాస్ట్‌కు అడ్డంగా ఉండే రేకు, పెట్రోలు గొట్టాన్ని వేడికి దూరంగా పట్టి ఉంచే చిన్న క్లిప్పు, ఇవి అనవసరంగా కనిపించి డబ్బాలో మిగిలిపోతాయి. వాటిని ఎవరూ కొనరు, ఎందుకంటే అవి పోయినట్టే ఎవరికీ గుర్తుండదు.

మూడోది వయసు. ముసలి ఇంజిన్ కాబట్టి ఆగుతోంది, అంతకుమించి ఏముంది అంటారు. వయసే కారణమైతే 1982లో ఎన్టీఆర్ 1940 మోడల్ షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని ఊరూరా తిరగడం కుదిరేది కాదు. అది వేరే బండి, వేరే ఇంజిన్ కాబట్టి దాన్ని మరీ లాగను. కానీ ఈ అంబాసిడర్లే 1970లలో ఇదే ఎండలో నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్‌కు తిరిగాయి. అప్పటికీ ఇప్పటికీ ఇంజిన్ మారలేదు, అది తాగేది మారింది. దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నియమం 2000 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. సీసం పోవడం మన ఆరోగ్యానికి, పిల్లల మెదళ్లకు చేసిన మేలు ముందు ఇంజిన్ కష్టం లెక్కలోకి రాదు. అయినా కష్టం ఉంది. పాత హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వు నేరుగా పోత ఇనుము మీదే కూర్చుంటుంది. సీసం పొర ఆ రెంటి మధ్య మెత్తగా ఉండేది. అది లేక వాల్వు కొద్దికొద్దిగా ఇనుములోకి దిగుతుంది, టాపెట్ గ్యాప్ తగ్గుతుంది, వేడికి వాల్వు సాగినప్పుడు పూర్తిగా మూతపడదు. చల్లగా కొలిస్తే కంప్రెషన్ బాగుంటుంది, వేడి మీద ఉండదు. ఇదీ చల్లారితే దాక్కునే జబ్బే. నెమ్మదిగా నడిపే బండికి ఇది ఏళ్లు పడుతుంది. ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూసి రాసి పెట్టుకుంటే, మళ్లీ మళ్లీ తగ్గుతోందో లేదో ఆ కాగితమే చెబుతుంది.

ఇటీవలి మార్పు ఇథనాల్. పెట్రోలులో దాని వాటా 2022 జూన్‌కు పది శాతం, 2025 నాటికి ఇరవై శాతం అయింది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి కాలడానికి బయటి గాలి తక్కువ చాలు. ఇరవై శాతం మిశ్రమానికి అదే గాలికి సుమారు ఎనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. కంప్యూటరున్న కొత్త కారు ఈ తేడాను సెన్సార్‌తో కనిపెట్టి సర్దుకుంటుంది. కార్బరేటర్‌కు ఉన్నది ఇత్తడి జెట్టులో ఒక బెజ్జం మాత్రమే, దాని కొలత ఇథనాల్ లేని పెట్రోలుకు వేసింది. బెజ్జం మారకపోతే మిశ్రమం పలచబడి ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు కార్బరేటర్‌లోంచి వెనక్కి తుమ్ముతుంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి. ట్యాంకు అడుగున గట్టిపడ్డ జిగురు కరిగి వచ్చి జెట్టులో ఇరుక్కుంటుంది. అప్పుడు జెట్టు కడిగితే రెండు రోజులు నడుస్తుంది, మళ్లీ ఇరుక్కుంటుంది, కడగాల్సింది ట్యాంకు కాబట్టి. కొత్త గొట్టాలు, కడిగిన ట్యాంకు, ఒక మెట్టు పెద్ద జెట్టు వేశాక కూడా వేడికి ఆగితే అప్పుడు పంపు సంగతి చూడవచ్చు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడితే ఈ గొడవంతా ఉండదనేది చివరి మాట. పంపు విషయంలో నేను ఒప్పుకుంటాను. ట్యాంకు దగ్గరి నుంచి నెట్టే పంపుకు పీల్చే సమస్య లేదు, గొట్టంలో ఒత్తిడి పెరిగి మరుగుస్థానం పైకి వెళుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచిదే, కానీ ఆవిరి జబ్బున్న బండికి అది మందు కాదు. పైగా దారిలో పాడైతే పాయింట్లలా అరచేతిలో పెట్టుకుని ఇసుక కాగితంతో రుద్దుకోలేం. యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేయించాలనుకునేవారికి ఇంకో లెక్క కూడా ఉంది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని అసలు రూపమే అందుకు అర్హం, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, తొలి నమోదుకు ఇరవై వేల రూపాయలు కట్టాలి. ఇగ్నిషన్ మార్చడం ఇంజిన్ మార్చినంత పెద్ద మార్పు కాకపోవచ్చు. అయినా తీసిన డిస్ట్రిబ్యూటర్ పళ్లేన్ని, పాత ఏసీ పంపును గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచుకోవడం మంచిది.