కొత్త మందు అనగా ఏది?



కోరుట్లలో గాని, మెట్‌పల్లిలో గాని పశువుల మందు కొనేటప్పుడు “ఇది కొత్త మందు” అంటే మనకు ఆశ కలుగుతుంది. పెట్టె మారినా, పేరు మారినా, కంపెనీ మారినా కొత్త మందే అనుకుంటాము. చట్టం దృష్టిలో కొత్త మందు వేరు.

1945 నాటి ఔషధ నిబంధనలలోని 122-ఇ నిబంధన పశువుల మందులకు నేటికీ వర్తిస్తున్నది. మనుషుల మందులకు 2019లో వేరే నిబంధనలు వచ్చినవి. 122-ఇ ప్రకారం కొత్త మందులు ఇవి:

1. మన దేశంలో చెప్పుకోదగినంతగా వాడకంలో లేనిది. పనిచేస్తుందని, హాని చేయదని అధికారులు ఇంకా గుర్తించనిది.

2. పాత మందే అయినా కొత్త జబ్బుకు, కొత్త మోతాదులో, లేక కొత్త పద్ధతిలో ఇవ్వదలచినది. నోటి ద్వారా తాగించే మందును సూదిమందుగా మార్చినా కొత్తదే.

3. రెండు పాత మందులను మొదటిసారి ఒకే సీసాలో కలిపినది, లేక కలిపే పాళ్లు మార్చినది.

4. టీకాలు. కొత్తవి కావని అధికారులు ధ్రువీకరిస్తే తప్ప ఇవన్నీ కొత్త మందులే.

ఇటువంటి మందును అమ్మకానికి తెచ్చే ముందు కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి పొందాలి. మొదటి అనుమతి వచ్చిన నాటి నుండి 4 సంవత్సరాలు అది కొత్త మందుగానే లెక్క.

రెండు పాత మందులు కలిస్తే కొత్తది ఎట్లా అవుతుంది? ఒకటి రెండవదాని పనిని తగ్గించవచ్చు, లేక అది ఒంట్లో నిలిచే కాలాన్ని పెంచవచ్చు. ఆ కాలమే మన పాలకు ముఖ్యం.

లంపీ చర్మవ్యాధి సంగతి చూడండి. 2022లో ఆ వ్యాధి దేశంలో ప్రబలినప్పుడు మేకల మశూచి టీకానే పశువులకు వేశారు. ఆ ఏడాది ఆగస్టులో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఈ వ్యాధికే ప్రత్యేకమైన టీకాను ప్రకటించింది. మండలి శాస్త్రజ్ఞుల సహకారంతో తయారైన బయోలంపివాక్సిన్‌కు లైసెన్సు లభించినది మాత్రం 2025 ఫిబ్రవరిలో. పరీక్షలకు అంత సమయం పడుతుంది.

మనుషులకు వాడే మందు పశువులకూ మంచిదేనని అనుకోరాదు. డైక్లోఫెనాక్ మనుషుల నొప్పులకు వాడే మందు. దానిని పశువులకు ఇచ్చినప్పుడు ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల సంఖ్యలో చనిపోయినవి. 2006లో పశువులకు దానిని నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు.

సభ్యులు గమనించవలసినవి:

మందు ఇచ్చిన తర్వాత ఎన్ని రోజులు పాలు పోయరాదో చీటీ మీద చూడండి. అక్కడ గడువు లేకపోతే కనీసం 7 రోజులని 2012 నాటి నిబంధన చెబుతున్నది. ఆ పాలను సంఘానికి తేవద్దు, ఇంట్లోనూ వాడవద్దు. ఒక్క ఇంటి పాలు పోసినా క్యాను మొత్తం చెడుతుంది.

అంగడి వారి మాట మీద రెండు మందులు కలిపి ఇవ్వవద్దు. పశువైద్యాధికారిని అడిగి వాడండి. బిల్లు తీసుకొని, మందు పేరు, ఇచ్చిన తేదీ రాసి పెట్టుకోండి.