కుందేటి నీరు – కడలి గర్భము

శ్రావణ భాద్రపదములలో కుందేటి గట్టున నిలిచిన వారికి బురదతో చిక్కబడిన ప్రవాహము కానవచ్చును. నంద్యాల, ఆళ్లగడ్డ సీమల నల్లరేగడియే అది. చివికిన ఆకు, వరిగడ్డి, పేడ, ఊళ్ల మురుగు అందు కలసియుండును. కుందేరు కడప జిల్లాలో కమలాపురము చెంత పెన్నను జేరును. సోమశిల జలాశయమున కొంత నిలిచిపోగా, మిగిలినది నెల్లూరు దాటి బంగాళాఖాతమున గలియును. కొట్టుకొనిపోయినది పోయినదే యని మనము ఊరకుందుము. దాని గతి యేమగునో విచారింపము.

సముద్రమునందలి సేంద్రియ పదార్థములో అధికభాగము నదులు తెచ్చినది గాదు. ఎండ సోకు పైనీటిలో పెరుగు ప్లవకములనెడి సూక్ష్మజీవులు దానిని సృజించును. అవి చచ్చి, తమను తినిన జంతువుల మలముతో గూడి, మంచుతునుకలవలె క్రిందికి దిగును. దారిలోనే బాక్టీరియా వానిపై జేరి, జీర్ణరసములను విడిచి, పెద్ద అణువులను తుంచి పీల్చుకొనును. ఇందులకు ప్రాణవాయువు వ్యయమగును. బొగ్గుపులుసు గాలియు, నత్రజని భాస్వరముల లవణములును మరల నీట జేరును. దిగినదానిలో చాలభాగము 1000 మీటర్ల లోపుననే హరించును. పైన పుట్టినదానిలో సుమారు నూటికొకపాలు మాత్రమే అగాధపు అడుగును ముట్టును.

మన బంగాళాఖాతమునకు వేఱొక చిక్కు కలదు. గంగా గోదావర్యాది నదుల మంచినీరు తేలికయగుటచే ఉప్పునీటిపై దుప్పటివలె పఱచుకొనును. గాలి రెంటిని సులభముగ కలుపజాలదు. అందువలన సుమారు 100 మీటర్లు మొదలు కొన్ని వందల మీటర్ల లోతువఱకు ప్రాణవాయువు దాదాపు శూన్యము. లేశమాత్రము మిగిలియున్నదనియు, ఆ లేశమే నత్రజని నష్టమును అరికట్టుచున్నదనియు 2017లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఆ లేశమును పోగొట్టుకొనుట వివేకము గాదు.

ఇందు నేరము మట్టిది గాదు. నదులు మోయు మన్ను సేంద్రియ కణములకు బరువై వానిని త్వరగ అడుగునకు దింపునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ప్లవకములను మితిమీరి పెంచునవి నీట గరగిన ఎరువులు, మురుగు; ఆ పెరిగినది చివుకునపుడే ప్రాణవాయువు హరించును.

కావున మేము రైతు సోదరులకు విన్నవించునది యిది: కొయ్యకాళ్లను తగులబెట్టక నేలలో కలియదున్నుడు, ఎరువును పైరునకు వలసినంతయే వేయుడు. పురపాలకులకు మా మనవి: శుద్ధిచేయని మురుగును కుందేట విడువనీయకుడు. రూకలిచ్చి కొన్న ఎరువు కడలిపాలగుట రైతునకును నష్టమే, కడలిమీద బ్రదుకు జాలరికిని నష్టమే.