అయిదేళ్లకు సగం

కలకత్తా పక్కనున్న న్యూ టౌన్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అక్కడికి వెళ్లిన తెలుగావిడ. వాళ్ల అపార్టుమెంట్లకు కొత్త కాపలావాళ్లు వచ్చారట, ఆవిడకు ఎనిమిదేళ్ల కూతురు. "శిక్ష పడిన లైంగిక నేరస్తుల పేర్లన్నీ ప్రభుత్వం దగ్గర ఉన్నాయంటారు, అవి మాకెందుకు చూపించరు? అయినా ఒకసారి అంత పని చేసినవాడు మళ్లీ చేయకుండా ఉంటాడా?" అని అడిగారు.

2024 ఆగస్టు 9న ఆర్.జి. కర్ ఆస్పత్రిలో యువ వైద్యురాలికి జరిగిన ఘోరం తర్వాత ఆ నగరంలో ఆడపిల్లలున్న ఏ తల్లికైనా ఈ భయం సహజం. ఆ సెప్టెంబరు 3న బెంగాల్ శాసనసభ 'అపరాజిత' బిల్లును ఆమోదించింది. 2019లో 'దిశ' హత్యాచార ఘటన తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిందీ ఇదే. రెండు బిల్లులూ ప్రధానంగా శిక్ష ఎంత కఠినంగా, ఎంత త్వరగా పడాలన్న దాని చుట్టూ తిరిగాయి. కానీ పదేళ్ల శిక్ష పడినవాడు ఏదో ఒక రోజు గేటు దాటి బయటికి వస్తాడు. ఆ మర్నాటి నుంచి ఏమవుతుందన్నదే ఆవిడ రెండో ప్రశ్న. నన్ను నిద్రపోనివ్వనిదీ అదే.

మొదటి ప్రశ్న త్వరగా ముగిద్దాం. జాబితా ఉంది. 2018 సెప్టెంబరులో కేంద్ర హోం శాఖ లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్‌ను ప్రారంభించింది, మొదలుపెట్టిన రోజుకే అందులో 4 లక్షలకు పైగా నమోదులున్నాయి. అది పోలీసులు, దర్యాప్తు సంస్థలు మాత్రమే చూడగలిగేది. అమెరికాలో ఇలాంటి జాబితా అందరికీ తెరిచి ఉంటుంది. ప్రెస్కాట్, రాకాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో అక్కడి రాష్ట్రాల లెక్కలు తీశారు. పోలీసుల దగ్గర నమోదు చేయించినచోట నేరాలు తగ్గాయి. పేర్లు, చిరునామాలు ఊరందరికీ చాటినచోట, అప్పటికే జాబితాలో ఉన్నవాళ్లు మళ్లీ నేరం చేసే సూచనలు పెరిగాయి. ఇల్లు అద్దెకు దొరకక, పని దొరకక, మందలించే మనిషి కూడా లేకుండా పోయినవాడికి పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు. మన పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఇక రెండో ప్రశ్న. లోకం దీనికి చాలాకాలంగా చెప్పుకుంటున్న జవాబు "నూటికి ఎనభై మంది మళ్లీ చేస్తారు" అన్నది. 2002లో అమెరికా సుప్రీంకోర్టులో ఒక కేసులో జస్టిస్ కెనెడీ ఈ ఎనభై శాతాన్ని ఉటంకించి, ముప్పు భయంకరమైన స్థాయిలో ఉందన్నారు. ఆ తర్వాత అక్కడి తీర్పుల్లో ఆ మాట మంత్రంలా తిరిగింది. 2015లో ఎల్‌మన్ దంపతులు దాని మూలం వెతుక్కుంటూ వెళ్లి తేల్చింది వింటే ఒళ్లు మండుతుంది. ఆ అంకె 1986లో ఒక జనరంజక మనస్తత్వ పత్రికలో అచ్చయిన వ్యాసంలో దొర్లిన ఒక వాక్యం. రాసినాయన ఒక జైలులో చికిత్సా కార్యక్రమం నడిపే సలహాదారు. వెనక పట్టికా లేదు, సర్వే లేదు. ఒక్కరు కూడా దాన్ని తిరిగి లెక్కించకుండా అది దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా ఎక్కిపోయింది!

నిజంగా లెక్కించినవాళ్లు వేరే ఉన్నారు. కెనడా మనస్తత్వవేత్త కార్ల్ హాన్సన్ 1998లో సహచరురాలితో కలిసి 61 అధ్యయనాలను ఒకచోట చేర్చారు. నాలుగైదేళ్లలో మళ్లీ లైంగిక నేరానికి పట్టుబడినవారు 13.4 శాతం. ఇది పట్టుబడినవారి లెక్క మాత్రమే. బయటికి రాని నేరాలు ఎన్నో ఉంటాయి కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే. ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయిన పిల్లలు ఏ పట్టికలోనూ లేరు. అయినా 13కూ 80కీ మధ్య దూరం చిన్నది కాదు.

నాకు ప్రాణమైన ఫలితం మాత్రం 2014 నాటిది. హాన్సన్ బృందం 7,740 మంది విడుదలైనవాళ్లను ఏళ్ల తరబడి గమనించింది. విడుదలనాడు అధిక ముప్పు కింద లెక్కించినవాళ్లలో తర్వాతి అయిదేళ్లలో మళ్లీ పట్టుబడినవారు 22 శాతం. అదే వర్గంలో పదేళ్లు బయట ఏ నేరమూ లేకుండా గడిపినవారిని తీసుకుంటే, అక్కడి నుంచి ముందుకు ముప్పు 4.2 శాతం. నేరం లేకుండా గడిచిన ప్రతి అయిదేళ్లకూ ముప్పు దాదాపు సగమవుతోంది. రేడియోధార్మిక పదార్థం అర్ధాయువు లాంటిదే ఇదీ! మనిషి మనసులో గడియారమేదైనా తిరుగుతోందా?

అవునని తేల్చే ముందు చేటలో బియ్యం చెరగడం గుర్తు తెచ్చుకోండి. చెరిగేకొద్దీ పొట్టు ఎగిరిపోయి గింజలు మిగులుతాయి. ఒక్క గింజా మారలేదు, కుప్ప మారింది. ఇప్పుడు లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. విడుదలైన 100 మందిలో 20 మందికి ఏడాదికి 20 శాతం ముప్పు, మిగతా 80 మందికి 1 శాతం అనుకోండి. మొదటి ఏడాది గుంపు మొత్తం ముప్పు 4.8 శాతం. ప్రమాదకరమైనవాళ్లు తొందరగా నేరం చేసి తొందరగా లోపలికి పోతారు. అయిదేళ్లు గడిచేసరికి ఆ 20 మందిలో ఆరేడుగురే బయట మిగులుతారు, రెండో రకంవాళ్లు 76 మంది ఉంటారు. ఇప్పుడు ఏడాది ముప్పు 2.5 శాతం. దాదాపు సగం! ఒక్కడూ మారకుండానే.

ఇంకో అయిదేళ్లు ముందుకు పోతే అసలు రుచి తెలుస్తుంది. ఇదే లెక్కలో పదేళ్లకు ముప్పు 1.55 దగ్గర ఆగుతుంది. మళ్లీ సగం కావాలంటే 1.25కు దిగాలి కదా, దిగదు. చెరగడం ఒక్కటే అయితే తగ్గుదల ఇలా మందగించి, చివరికి ఆ 1 శాతం దగ్గర నిలిచిపోవాలి. అసలు మనుషుల్లో మాత్రం అది సగానికి సగంగా తగ్గుతూనే పోయింది. అందుకే ఈ చెరగడంతోపాటు మనుషుల్లోనూ ఏదో నిజంగా మారుతోందని నేను నమ్ముతాను. వయసు మీదపడి తొందరపాటు తగ్గుతుంది. పని దొరుకుతుంది. పోగొట్టుకుంటే బాధపడేదేదో చేతికొస్తుంది.

ఈ మార్పును మాటలతో తెప్పించవచ్చనుకుని బోల్తాపడినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్ జైళ్లలో 1990ల నుంచి లైంగిక నేరస్తుల చికిత్సా తరగతులు నడిచాయి. గుంపులో కూర్చోబెట్టి నేరం ఒప్పించడం, బాధితుల వేదన తలుచుకునేలా చేయడం అందులో ముఖ్యం. ఎంత సబబుగా వినిపిస్తుందో! 2017లో వాళ్ల న్యాయశాఖే లెక్క తీసింది. తరగతులకు వెళ్లినవారిలో మళ్లీ లైంగిక నేరం చేసినవారు 10 శాతం, వెళ్లనివారిలో 8 శాతం. కార్యక్రమాన్ని ఆపేశారు. పశ్చాత్తాపం కనబరిచాడా, ఒప్పుకున్నాడా అన్నవి రేపటి నేరాన్ని పెద్దగా పసిగట్టలేవని హాన్సన్ పట్టికలు 1998లోనే చెప్పాయి. వినలేదు.

కెనడాలోని హామిల్టన్‌లో 1994లో ఒక పాస్టరు, ఆయన చర్చివాళ్లు వేరే దారి పట్టారు. విడుదలైన ఒక నేరస్తుడి చుట్టూ నలుగురైదుగురు మామూలు మనుషులు వలయంగా నిలిచి, రోజూ పలకరించారు, కనిపెట్టి ఉన్నారు, అతను తడబడిన క్షణం నిలదీశారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. మన దగ్గర ప్రయత్నాలు జైలు లోపలే ఎక్కువ. చర్లపల్లి జైలులో మనస్తత్వ నిపుణులతో ప్రవర్తన మార్చే 'ఉన్నతి' శిక్షణ నడిచింది. బెంగాల్‌లో 1992 చట్టంతో జైలుకు సంశోధనాగారమని పేరే మార్చారు. పేరు మంచిదే. గేటు బయట మొదటి అయిదేళ్లూ, అంటే ముప్పు అత్యధికంగా ఉండే ఆ కాలమంతా, మనిషిని పట్టుకుని ఉండే ఏర్పాటు లేకుండా ఆ పేరు సార్థకం కాదు.

న్యూ టౌన్ సోదరికి నా జవాబు ఇది. కొత్త కాపలాదారును విధాననగర్ పోలీసుల తనిఖీ లేకుండా పెట్టనివ్వకండి. అదే సమయంలో, మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంక సంస్థ ఏటా చెబుతున్న సంగతి మరవకండి. పాపకు కొత్త మనిషి గురించి చెప్పే జాగ్రత్తలే తెలిసిన మనిషి గురించీ చెప్పండి.

గణాంక సంస్థకు ఒక విన్నపం. నేను పైన రాసిన ముప్పు లెక్కలన్నీ పరాయి దేశాలవి. ఆ జాతీయ డేటాబేస్‌లోని 4 లక్షలకు పైగా నమోదులు మీ చేతిలో ఉన్నాయి. పేర్లు మాకొద్దు. విడుదలైనవారిలో మొదటి ఏడాది ఎంతమంది, అయిదో ఏడాది ఎంతమంది, పదో ఏడాది ఎంతమంది మళ్లీ పట్టుబడ్డారో ఆ మూడు అంకెలు ప్రచురించండి.