పాజిటివ్ అంటే మంచిదా? చెడ్డదా?

ఇంగ్లీషులో 'పాజిటివ్' అనే మాట ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ మాట ఇంటింటా వినిపించింది. "ఆయనకు పాజిటివ్ వచ్చిందట" అంటే చాలు, జనం తలుపులు మూసుకున్నారు. పాజిటివ్ అంటే జబ్బు అని చాలామంది మనసులో పడిపోయింది.

హైదరాబాదు పాతబస్తీలో, కర్నూలులో, కడపలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉర్దూ బడిలో చదివినవాళ్లు పాజిటివ్‌ను 'ముస్బత్' అంటారు. నెగెటివ్‌ను 'మన్ఫీ' అంటారు. 'ముస్బత్ సోచ్' అంటే మంచి ఆలోచన. అందుకని వాళ్లకు పాజిటివ్ అంటే మంచిది, నెగెటివ్ అంటే చెడ్డది అనిపిస్తుంది.

ఒకరు మంచిది అంటారు. ఒకరు జబ్బు అంటారు. మరి ఏది నిజం?

ముస్బత్ అనే మాట ఎలా పుట్టిందో చూద్దాం. 'సాబిత్' అనే మాట హైదరాబాదులో తెలుగువాళ్లు కూడా వింటుంటారు. సాబిత్ అయింది అంటే రుజువైంది అని. సాబిత్, ముస్బత్ రెండూ ఒకే అరబ్బీ మూలం నుంచి వచ్చాయి. ముస్బత్ అంటే 'ఉంది అని తేలినది'. మన్ఫీ అంటే 'లేదు అని తేలినది'. ఆస్పత్రి కాగితం మీద కూడా అర్థం ఇదే. పాజిటివ్ అంటే 'ఉంది'. నెగెటివ్ అంటే 'లేదు'. ఉర్దూలో చెప్పాలంటే 'హై', 'నై'. అంతే!

పాజిటివ్ అనేది విశేషణం. ఉర్దూలో దీన్ని 'సిఫత్' అంటారు. విశేషణం ఒంటరిగా నిలబడదు. "ఎర్రది తీసుకురా" అంటే, "ఎర్రది ఏమిటి? చీరా? గాజులా?" అని అడుగుతాం కదా! అలాగే పాజిటివ్ అని ఎవరన్నా, "ఏది పాజిటివ్?" అని అడగాలి. ఏ పరీక్ష చేశారో తెలిస్తేనే అర్థం తెలుస్తుంది.

గర్భం పరీక్ష పాజిటివ్ అంటే గర్భం ఉంది అని. బిడ్డ కోసం ఎదురుచూసే ఇంట్లో అది శుభవార్త.

గళ్ల పరీక్ష పాజిటివ్ అంటే గళ్లలో క్షయ క్రిములు ఉన్నాయి అని. భయపడి దాచుకోకూడదు. ప్రభుత్వ ఆస్పత్రిలో మందులు ఉచితం. మామూలు క్షయకు కనీసం 6 నెలలు మందులు వాడాలి. మధ్యలో మానకూడదు.

హెచ్ఐవి పరీక్ష కాగితం మీద 'రియాక్టివ్' అని కూడా రాస్తారు. అది పాజిటివ్ లాంటి మాటే. మళ్లీ వేరే పరీక్షలు చేసి ఖాయం చేస్తారు. ఖాయమైతే మందులు ఉన్నాయి. 2004 నుంచి ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తున్నది.

ఇక రక్తం గ్రూపు సంగతి. 'ఓ పాజిటివ్', 'బి నెగెటివ్' అని రాస్తారు. ఇది జబ్బు కాదు. కొందరి రక్తంలో ఎర్ర కణాల మీద 'ఆర్‌హెచ్' అనే పదార్థం ఉంటుంది. వాళ్లు పాజిటివ్. అది లేనివాళ్లు నెగెటివ్. రెండూ మంచి రక్తాలే.

కాని గర్భిణీకి ఈ మాట చాలా ముఖ్యం. ఒకామె తన కార్డు మీద 'ఓ నెగెటివ్' అని చూసి, "నాకేం బీమారీ లేదు" అని సంబరపడిందనుకుందాం. కార్డు పెట్టెలో దాచి, కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. అక్కడ ఎవరికీ గ్రూపు సంగతి చెప్పలేదు. అప్పుడేమవుతుంది?

తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ కూడా పాజిటివ్ కావచ్చు. కాన్పులో బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒంట్లో ఆ పదార్థం లేదు కదా! అందుకని ఆమె ఒళ్లు దాన్ని పరాయిదనుకుని, దానితో పోరాడే శక్తిని తయారుచేసుకుంటుంది. మొదటి బిడ్డకు మామూలుగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డ పాజిటివ్ అయితే, ఆ శక్తి కడుపులోనే బిడ్డ రక్తాన్ని దెబ్బతీస్తుంది. బిడ్డ చనిపోవచ్చు కూడా.

దీన్ని ఆపడానికి 'యాంటీ-డి' అనే ఇంజెక్షన్ ఉంది. పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల లోపు, అంటే 3 రోజుల లోపు, తల్లికి ఇది వేయాలి. గర్భం 7వ నెలలో కూడా వేస్తారు. గర్భం పోయినా డాక్టరును అడగాలి.

చూశారా? ఇక్కడ 'నెగెటివ్' అనే మాటను మంచి కబురు అనుకుని ఊరుకుంటే ఎంత నష్టమో!

తెలంగాణలో 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. అయినా పరీక్ష కాగితాలు మామూలుగా ఇంగ్లీషులోనే వస్తాయి. తెలుగు అక్కకైనా, ఉర్దూ ఆపాకైనా ఇబ్బంది ఒక్కటే. కాగితం చేతికి రాగానే డాక్టరునో, నర్సమ్మనో ఇలా అడగండి:

"ఏ పరీక్ష చేశారు? ఏం ఉంది? ఏం లేదు? ఇప్పుడు నేనేం చేయాలి?"

అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. కాగితం మీది. ఒళ్లు మీది.

మీరే చెప్పండి:

1. గర్భం పరీక్ష నెగెటివ్ అంటే ఏమిటి?

2. మీ రక్తం గ్రూపు ఏది? పాజిటివా, నెగెటివా?

3. యాంటీ-డి ఇంజెక్షన్ కాన్పు తర్వాత ఎన్ని గంటల లోపు వేయాలి?